కండక్టరు గారి తోట

పిల్లలు గేటు దగ్గరికి వచ్చేసరికి కండక్టరు గారు బెండ మొక్కలు పీకుతున్నారు.

శివరాత్రి వెళ్ళిన వారం అది. పొద్దున్నే ఎండ చురుక్కుమంటోంది. రెండు బడుల నుంచి పిల్లలు వరసగా నడిచి వచ్చారు. వాళ్ళను తీసుకొచ్చిన మరియమ్మ టీచరు గారు, ఆయన చివరి నిమిషంలో కలుపు తీస్తున్నారనుకుని, "అయిందాండీ? లోపలికి పంపమంటారా?" అని కేకేశారు. ఆయన తల ఎత్తలేదు. బెండ వరస అయిపోయింది. తర్వాత టమాటా మొక్కలను ఊతకర్రలతో సహా లాగేశారు. దోరకాయలు నేల మీద దొర్లాయి. ఒకటి గేటు దాకా వచ్చింది. ముందు నిలబడ్డ పాప కమ్మీల సందులోంచి చెయ్యి పెట్టింది.

ఆయన జేబులోంచి ఈల తీసి ఒక్కసారి గట్టిగా ఊదారు.

"హోల్డాన్! ఎవరూ ముట్టుకోవద్దు."

పాప చెయ్యి వెనక్కి లాక్కుంది. కండక్టరు గారు గేటు దగ్గరికి వచ్చారు. రెండు చేతులూ ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుని, కిక్కిరిసిన బస్సులో వెనక సీటు దాకా వినిపించే గొంతుతో చెప్పారు.

"మొన్న సాయంత్రం ఈ తోటకి పురుగుమందు కొట్టాను. నేనే కొట్టాను. అందుకని ఇవాళ్టి ట్రిప్పు క్యాన్సిల్. అందరూ వెనక్కి తిరిగి బడికి వెళ్ళిపోండి. వెళ్ళగానే సబ్బుతో చేతులు కడుక్కోండి."

అతిథిగా వచ్చిన మండలాఫీసు ఉద్యోగికి కోపం వచ్చింది. "ఏందండీ ఇది! మందు లేకుండా పండించొచ్చని ఊరంతా తిరిగి చెప్పేది మీరేగా?"

"నేనేనండి."

"మరి మీరే కొట్టారా?"

"కొట్టానండి. మీరు కూడా కడుక్కోండి, గేటు పట్టుకున్నారు."

కుళాయి దగ్గర గొట్టం పట్టుకుని కోటయ్య నిలబడి ఉన్నాడు. నీళ్ళు మొక్కల పాదుల్లోకి కాకుండా అతని కాళ్ళ మీదే పోతున్నాయి. ఆ సంగతి అతనికి తెలిసినట్టు లేదు.

మా పత్రిక జిల్లా పేజీకి చిన్న వార్త రాద్దామని నేను అక్కడికి వెళ్ళాను. రాశాను కూడా. కండక్టరు గారు నలుగురి ముందు చెప్పిందే రాశాను. వార్త పంపేశాక, ఆ సాయంత్రం తెలిసింది, మందు కొట్టింది ఆయన కాదు, కోటయ్య అని.

ఆయన పేరు ఊళ్ళో చాలామందికి తెలియదు. ఉద్యోగంలో ఉన్నప్పుడూ, దిగిపోయాకా ఆయన కండక్టరు గారే. సాయిబుల వీధిలో చివరి ఇల్లు. ఎవరైనా వెతుక్కుంటూ వచ్చి అసలు పేరుతో అడిగితే, పక్కింటివాళ్ళు కూడా కాసేపు ఆలోచించి, "ఓ, కండక్టరు గారా!" అనేవాళ్ళు.

కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఎవరింటికి వెళ్ళినా గుమ్మానికి ఒక భుజం ఆనించి, కాళ్ళు కాస్త ఎడంగా పెట్టి నిలబడేవారు. కింద నేల ఎప్పుడైనా మలుపు తిరుగుతుందన్నట్టు ఉండేది ఆ నిలబడటం. కుర్చీ చూపిస్తే, "పర్లేదు, ముందు ప్యాసింజర్లను కూర్చోనివ్వండి" అనేవారు. ఇంట్లో అన్నం కూడా కంచం చేత్తో పట్టుకుని అటూ ఇటూ నడుస్తూ తింటారని వాళ్ళావిడ వాపోయేది. "పెళ్ళయినకాణ్ణించి ఈయన పక్కన కూర్చుని తిన్న పాపాన పోలేదమ్మా నేను" అని ఆవిడ ఒకసారి మరియమ్మ గారితో అంటే, ఆయన వంటింటి గుమ్మంలో నిలబడి నవ్వారు. ఖండించలేదు.

మాటల్లో బస్సు ఎక్కడో ఒకచోట వచ్చి తీరేది. ఒప్పుకుంటే "రైట్". ఒప్పుకోకపోతే "హోల్డాన్". గోంగూర ఎక్స్‌ప్రెస్. మునగ ఆర్డినరీ. నాటి ఏడాదైనా మూరెడు పెరగని కరివేపాకును "డిపోలో పడున్న బండి" అనేవారు. మొక్కల గురించి ఆయనకు నిజానికి పెద్దగా తెలియదు. ముల్లంగి ఆకును ఆవాల ఆకని పిల్లలకు ధైర్యంగా చెప్పి, మరియమ్మ గారితో వాళ్ళ ముందే చీవాట్లు తిన్న మనిషి. తిని, "తప్పు స్టేజీ చెప్పాను, మార్చుకోండి" అని పిల్లలతోనే మళ్ళీ చెప్పించారు.

మా ఊరు అద్దంకి రోడ్డు మీద ఉంటుంది. రోడ్డుకు ఒకవైపు పత్తి, ఒకవైపు మిర్చి. మాఘం చివరికి కల్లాల్లో కాయలు పరిచేస్తారు, ఊరంతా తుమ్ముతూ తిరుగుతుంది. కండక్టరు గారు ఉద్యోగం దిగిన రోజుల్లో పత్తికి పురుగు విపరీతంగా ఉండేది. ఒక మందుకు చావకపోతే రెండు, రెంటికీ చావకపోతే మూడు కలిపి కొట్టేవాళ్ళు. ఆ వాసన మా ఊళ్ళో పసిపిల్లలకు కూడా తెలుసు. ఖాళీ డబ్బాలు ఇళ్ళల్లోకి వచ్చేవి. వాటిలో కిరసనాయిలు పోసుకునేవాళ్ళు, మజ్జిగ పోసి పొలానికి పట్టుకెళ్ళేవాళ్ళు.

బస్టాండు వెనక గోడకూ హైస్కూలు గోడకూ మధ్య ఊరి చెత్త పడే ఖాళీ స్థలం ఒకటి ఉండేది. ఆ డబ్బాల్లో చాలా భాగం చివరికి అక్కడికే చేరేవి. కండక్టరు గారు ఒక్కరే మొదలుపెట్టారు. ఆదివారం పొద్దున స్థలం మధ్యలో నిలబడి ఈల వేసేవారు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. మళ్ళీ ఆదివారం వేసేవారు. మూడో నాలుగో వారానికి, ప్రార్థన కాగానే చర్చి నుంచి నేరుగా మరియమ్మ టీచరు గారు వచ్చారు. ఆ తర్వాత, ఊరికి కాస్త ఎగువన ఇల్లూ పొలమూ ఉన్న కోటయ్య తనంతట తానే బండి తోలుకొచ్చాడు.

"ఏంది మామా, ఈల మీద ఈల! బస్సేమన్నా తప్పిపోయిందా?"

"బస్సుంది. జనమే లేరు. ఎక్కుతావా?"

"ఎక్కడికి పోద్ది?"

"ఎక్కడికీ పోదురా. ఇక్కడే ఉంటది."

"అట్టాగైతే ఎక్కుతా. నాకు పొద్దున్నే పనుంది, దూరం రాలేను" అన్నాడు కోటయ్య.

ఆ తోటకు మాట కండక్టరు గారిది, చెయ్యి కోటయ్యది. చెత్త ఎత్తించి, తన చేలోంచి రేగడి మన్ను, దొడ్లోంచి పశువుల ఎరువు బళ్ళకొద్దీ తోలాడు. పాదులు తీశాడు, కాలవ కట్టాడు. మిర్చి కోతలు ముమ్మరంగా ఉన్న రోజుల్లో కూడా, ఇంట్లో తిట్లు తింటూ, పొద్దున ఒకసారి వచ్చి నీళ్ళు పెట్టి పోయేవాడు. కండక్టరు గారు పక్కన నిలబడి "ఇంకా లోపలికి, ఇంకా లోపలికి" అంటుంటే, "నువ్వు నోరు మూసుకుంటే నీళ్ళే పోతాయి మామా" అని విసుక్కునేవాడు.

పెట్టుకున్న నియమం ఒకటే. ఈ తోటలో మందు కొట్టకూడదు.

ఏడాదికోసారి, శివరాత్రి దాటాక, పరీక్షల హడావుడి మొదలుకాకముందు, పిల్లలను పిలిచేవారు. దాన్ని ఆయన ట్రిప్పు అనేవారు. గేటు దగ్గర ఒక్కొక్కరికీ ఒక ఆకు ఇచ్చి, పాత టికెట్ పంచ్‌తో దానికి చిల్లు పెట్టేవారు. ఆ పంచ్ తన సొంతమనీ, కార్పొరేషన్‌ది కాదనీ అడక్కపోయినా అందరికీ చెప్పేవారు. "ఇది ఏ ఆకో చెప్పు, ఎక్కు." చెప్పలేకపోతే ఆయనే చెప్పి ఎక్కించేవారు. లోపల ఒక్కో పిల్ల, ఒక్కో పిల్లవాడు ఒక్కో మొక్క ముందు నిలబడాలి. బస్సులో ఒక ఈల ఆగడానికి, రెండు కదలడానికి. అందరూ నిలబడ్డాక ఆయన రెండు ఈలలు వేసేవారు. అప్పుడు తమ చేత్తో కోసుకుని అక్కడికక్కడే తినాలి. లేత బెండకాయ, టమాటా, పుల్లని గోంగూర ఆకు, ఏదైనా సరే. కడగకుండా, భయం లేకుండా. ఆయన పెట్టుకున్న పనంతా ఆ రెండో ఈల కోసమే. పిల్లలు నములుతుంటే వాళ్ళ నోళ్ళవైపు చూస్తూ నిలబడేవారు.

ఎందుకంత పట్టుదల అని ఒకసారి అడిగాను. ఆయన ఒక బస్సు ట్రిప్పు గురించి చెప్పారు. పత్తి రోజుల్లో, దారిలో చెయ్యెత్తిన ఒక తల్లి, ఒళ్ళో పిల్లతో ఎక్కింది. పొలంలో దాహమేసి, మందు డబ్బాలో ముంచిన నీళ్ళు తాగిందట ఆ పిల్ల. కండక్టరు గారు డ్రైవరు వెనక నిలబడి, గుంటూరు ఆస్పత్రి దాకా ఏ స్టేజీలోనూ బండి ఆపనివ్వలేదు. దిగాల్సినవాళ్ళు కూడా దిగుతామనలేదు.

"పిల్లకి ఎట్టా ఉంది తర్వాత?" అన్నాను.

"ఆస్పత్రి గేటు దాకానే నా డ్యూటీ. బండి తిప్పుకుని వచ్చేశాం" అన్నారు. ఆ తర్వాత ఆ రూట్లో ఆ తల్లి ఎక్కిన చోట బస్సు ఆగినప్పుడల్లా చూసేవారట. ఆమె మళ్ళీ కనబడలేదు.

ఊళ్ళో సభలు పెడితే ఎవరూ రారని ఆయనకు తెలుసు. అందుకని పాఠాలు బస్సులో చెప్పేవారు. బస్టాండులో బండి ఆగి ఉన్న కాసేపట్లో ముందు తలుపులోంచి ఎక్కి, చేతిలో వేపరెమ్మో బెండకొమ్మో పట్టుకుని మొదలుపెట్టేవారు. కదలడానికి వీల్లేని జనం, కదలని బండి. అంతకంటే మంచి సభ ఏముంటుందనేవారు.

ఒకరోజు నేనూ ఆ బస్సులోనే ఉన్నాను. ముందు సీట్లో ఒకావిడ ఒళ్ళో డబ్బా పెట్టుకుని కూర్చుంది. డబ్బా మీద మందు కంపెనీ బొమ్మ సగం చిరిగి ఉంది.

"అమ్మా, అందులో ఏముంది?"

"నూనె. గానుగ దగ్గర పట్టించుకొస్తన్నా."

"డబ్బా ఎక్కడిది?"

"నాదే! ఎత్తుకొచ్చాననుకున్నావా?"

బస్సంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, "అది కాదమ్మా, ముందు అందులో ఏముండేది?" అన్నారు.

"మందు. అయితే ఏంది? కుంకుడురసం పోసి కడిగి, ఎండబెట్టి, మళ్ళీ కడిగా. వాసన చూడు!" అంటూ మూత తీసి ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

ఆయన నిజంగానే వాసన చూశారు. "నూనె వాసనే వస్తంది" అని ఒప్పుకున్నారు. అక్కడే ఓడిపోయారు. వెనకనించి ఎవరో, "టికెట్ కొట్టేది మానేసి ముక్కుతో చెకింగ్ చేస్తన్నాడేందిరా ఈయన!" అన్నారు. ఆయన సంచిలోంచి ఖాళీ క్యాను తీసి, "ఇది ఉంచుకుని ఆ డబ్బా నాకిచ్చెయ్యమ్మా" అంటే, "నూనెతోనా, నూనె లేకుండానా?" అంది ఆవిడ. ఈలోగా డ్రైవరు హారన్ కొట్టాడు. "బాబాయ్, దిగు! నీ పాఠానికి నాకు లేటు పడుద్ది." ఆయన దిగారు. నూనె డబ్బా ఆవిడతోనే వెళ్ళిపోయింది.

ఆయన మాట వినేవాళ్ళ సంగతి అది. ఆయన పక్కన ఉన్నవాడి సంగతి ఇప్పుడు చెప్పాలి.

మందు కొట్టకూడదన్న నియమాన్ని కోటయ్య ఏనాడూ కాదనలేదు. కానీ దాన్ని అతను శనివారం నీసు ముట్టనివాళ్ళ నియమంలాంటిది అనుకున్నాడు. మామకు అదొక పట్టింపు, మనం పాటిద్దాం, అంతే. తన చేలో తను కొట్టేది కొడుతూనే ఉన్నాడు. ఇందులో అతనికి ఏ ఇబ్బందీ కనబడలేదు. ఆ ఏడు ట్రిప్పుకు మండలాఫీసు నుంచి పెద్దమనిషి వస్తున్నాడని తెలిసింది. కోటయ్య తోటలోకి వెళ్ళి చూశాడు. బెండ ఆకులు జల్లెడలా ఉన్నాయి. టమాటా మీద పేనుబంక. చుట్టాలొచ్చే ముందు ఇంటికి సున్నం వేసినట్టు, చేలోంచి వస్తూ వస్తూ, భుజాన ఉన్న స్ప్రేయరులో మిగిలిన మందు తోటకు కొట్టి వెళ్ళాడు. చాలకపోతే ఇంట్లో డబ్బాల అడుగున ఉన్నవి కూడా కలిపి తెచ్చి కొట్టాడు. ప్రేమగానే కొట్టాడు. ట్రిప్పు రోజు పొద్దున కండక్టరు గారు గేటు తెరిచి లోపలికి అడుగు పెట్టగానే వాసన కొట్టింది. ఎప్పుడు కొట్టావంటే, మొన్న సాయంత్రమని నీళ్ళు పెడుతున్న కోటయ్య చెప్పాడు.

ఆ సాయంత్రం ఆయన కోటయ్య కల్లం దగ్గరికి వెళ్తుంటే నేనూ వెంట వెళ్ళాను. కోటయ్య కాయలు తిరగేస్తున్నాడు. ఇద్దరూ ఎర్రటి మిరపకాయల పరుపుకు చెరోవైపు నిలబడి అరుచుకున్నారు.

"ఎవర్నడిగి కొట్టావురా?"

"అడిగేదేంది మామా? పురుగు కనపడితే అడిగి కొడతారా ఎవరన్నా?"

"పిల్లలు తింటారని తెలీదా నీకు?"

"తెలుసు గనకే రెండు రోజుల ముందు కొట్టా. మా ఇంట్లో మేం తినటంలా? ఇట్టాంటివే తింటన్నాం. చచ్చామా? పెద్దోళ్ళొస్తన్నారు, ఆకులన్నీ బొక్కలు. పరువుండాలా వద్దా?"

"పరువా! నీ పరువు తగలెయ్య! ఇన్నాళ్ళూ నేను చెప్పిందంతా ఏమనుకున్నావురా?"

"నువ్వు చెప్తావు, నేను చేస్తా. నాకంతే తెలుసు."

కండక్టరు గారు పరుపు దాటి పడ్డ కాయనొకదాన్ని కాలితో లోపలికి తోశారు. అప్పుడు కోటయ్య గొంతు తగ్గించి అడిగాడు.

"అది సరే. నేను కొట్టింది నువ్వు కొట్టానని ఎందుకు చెప్పావు?"

"తోట నాది. బస్సులో ఎవడు టికెట్ లేకుండా కూర్చున్నా మెమో కండక్టరుకే ఇస్తారు. ప్యాసింజరుకి కాదు."

"అంటే నేనెవర్ని? టికెట్ లేకుండా ఎక్కినోణ్ణా?"

ఆయన జవాబు చెప్పలేదు. చెప్పి ఉండాల్సింది. ఎరువు తోలినవాడు, కాలవ కట్టినవాడు కల్లం అంచున నిలబడి ఎదురుచూశాడు. కండక్టరు గారు తుమ్మి, కండువాతో ముక్కు తుడుచుకుని, వెనక్కి తిరిగారు. ఆ తర్వాత కోటయ్య తోటవైపు రాలేదు. కోటయ్యను కాపాడాననుకున్నారు ఈయన. తనను లెక్కలోంచి తీసేశాడనుకున్నాడు అతను.

వింత ఏమిటంటే, ఆ తర్వాతే బస్సులో జనం ఆయన మాట వినడం మొదలుపెట్టారు. అంతకుముందు నీతులు చెప్పే ముసలాయన. ఇప్పుడు తప్పు చేసి ఒప్పుకున్న మనిషి. ఎక్కగానే, "బాబాయ్, నువ్వే కొట్టావంటగా!" అని ఎవరో ఒకరు మొదలెట్టేవారు. "రైట్. నేనే కొట్టాను. పెద్దోళ్ళొస్తున్నారని, పరువు కోసం కొట్టాను" అని కోటయ్య మాటలే తన మాటలుగా చెప్పేవారు. "కొట్టి, పిల్లల ముందు నా చేత్తో పీకాను. మీ ఇంట్లో మీరు కొట్టింది పీకే అవసరం రాకుండా చూసుకోండి." జనం నిశ్శబ్దంగా వినేవాళ్ళు. ఒకరిద్దరు ఆయన దగ్గర ఖాళీ క్యానులు అడిగి తీసుకున్నారు.

ఒకసారి ఆయన ఆ కథ చెబుతున్నప్పుడు వెనక సీట్లో కోటయ్య ఉన్నాడు. నరసరావుపేట నుంచి మిరప విత్తనాలు తీసుకుని వస్తున్నాడు. బండి మా ఊళ్ళో ఆగగానే కండక్టరు గారు ముందు తలుపులోంచి ఎక్కారు. జనం అడ్డంగా ఉండటంతో అతన్ని చూడలేదు. "నేనే కొట్టాను" అనగానే వెనకనించి గొంతు వినిపించింది.

"ఆయన కొట్టలా. నేను కొట్టా."

అందరూ తిరిగి చూశారు. కోటయ్య లేచి నిలబడి ఉన్నాడు. "నా స్ప్రేయరుతో, నా మందు నేను కొట్టా. ఆయనకి స్ప్రేయరు పట్టుకోవటమే చేతకాదు!"

ఒక్క క్షణం ఆగి బస్సంతా పగలబడి నవ్వింది. "ఊరుకోవయ్యా, పెద్దాయన ఒప్పుకుంటుంటే నువ్వు మీదేసుకుంటావేంది!" అన్నాడు పక్క సీటాయన. "మంచోడివే" అంది ఒక ముసలమ్మ. కోటయ్య అందరి మొహాలూ చూశాడు. ఎవరూ నమ్మలేదు. నమ్మించాల్సిన ఒక్క మనిషి ముందు తలుపు దగ్గర బెండకొమ్మ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

కండక్టరు గారు "అవును, వాడే" అని ఉండొచ్చు. నోరు తెరిచారు కూడా. డ్రైవరు హారన్ కొట్టాడు. ఆయన ముందు తలుపులోంచి దిగారు. కోటయ్య విత్తనాల సంచి ఎత్తుకుని వెనక తలుపులోంచి దిగాడు. ఇద్దరూ బస్సుకు చెరో చివరా కాసేపు నిలబడ్డారు. బస్సు వెళ్ళిపోయాక మధ్యలో అడ్డం ఏమీ లేదు. అయినా చెరోవైపు నడిచారు.

తోట ఆగిపోలేదు. ఏటా శివరాత్రి దాటాక పిల్లలు వస్తూనే ఉన్నారు. కానీ అక్కడ బంతి, కనకాంబరం, గోడ పొడుగునా వేప మాత్రమే ఉండేవి. ఆకుకు చిల్లు పెట్టడం ఉంది, రెండో ఈల లేదు. "తినేవి మళ్ళీ ఎప్పుడు వేస్తారండీ?" అని మరియమ్మ గారు అడిగినప్పుడల్లా, "కనుక్కుంటున్నాను" అనేవారు.

మట్టిలో మందు ఎన్నాళ్ళుంటుందో నిజంగానే కనుక్కున్నారు. మందుల కొట్టాయన వారం చాలన్నాడు. మరో కొట్టాయన వాన పడితే పోతుందన్నాడు. వ్యవసాయాఫీసులో ఉద్యోగి మర్యాదగా కూర్చోబెట్టబోయి, ఈయన కూర్చోకపోతే తనూ లేచి నిలబడి, "ఏ మందు కొట్టారో పేరు చెప్పండి, చెబుతాను. ఒక్కో మందు ఒక్కో రకం. కలిపి కొడితే ఏమేం కలిపారో తెలియాలి" అన్నాడు. సరైన ప్రశ్నే. నేనే కొట్టానని ఊరంతా చాటిన మనిషి దానికి జవాబు చెప్పలేకపోయారు. ఆ సాయంత్రం డబ్బాల అడుగున ఏమేం ఉన్నాయో తెలిసినవాడు ఒక్కడే. కోటయ్య ఇల్లు మా ఊరికి ఎక్కువ దూరం కాదు. ఆ దారిన పోయే బస్సు ఎక్కి ఆయన చాలాసార్లు పాఠం చెప్పారు. అక్కడ మాత్రం దిగలేదు.

"వెళ్ళి అడగొచ్చుగా" అన్నాను ఒకసారి.

"వాడు రావాలి" అన్నారు.

కోటయ్యతో అదే మాట అంటే, "మందు పవరు వారమే సార్. ఆయన కోపం పవరే తగ్గట్లా" అన్నాడు. "ఒక్కసారి వచ్చి, ఏం కలిపావురా కోటయ్యా అని అడగమనండి. అది నా పని అని ఒప్పుకున్నట్టే గదా."

అడగకుండానే కండక్టరు గారు పోయారు. రెండేళ్ళుగా ఊపిరి ఇబ్బందిగా ఉండేది. ఆస్పత్రిలో కూడా మంచం దిగి కిటికీకి ఆనుకుని నిలబడితే నర్సులు కోప్పడేవాళ్ళట. ఖననానికి కోటయ్య వచ్చాడు. వరసలో నిలబడి, అందరితోపాటు తనూ పిడికిళ్ళతో మట్టి వేశాడు. వేశాక చెయ్యి దులుపుకోకుండా చాలాసేపు అలాగే పట్టుకున్నాడు. నలభయ్యో రోజు ఫాతెహా ప్రార్థనకు వాళ్ళింటికి వెళ్తే, కండక్టరు గారి భార్య లోపలినించి ఈల తెచ్చి అతని చేతిలో పెట్టింది. అతను జేబులో వేసుకున్నాడు.

ఈ చలికాలంలో తోటలో బెండ మొలిచింది. ఎవరు గింజలు పెట్టారో మాకు తెలియదు. తర్వాత ఒక పొద్దున కోటయ్య నీళ్ళు పెడుతూ కనిపించాడు. ఇప్పుడు మొక్కలు నడుము ఎత్తున్నాయి. ఆకులన్నీ చిల్లులే.

మరియమ్మ గారు రిటైరయ్యారు. అయినా పిల్లలను ఆవిడే తీసుకొస్తున్నారు. అసలు సంగతి నేను చెప్పాక, ఈ మధ్య నాతో వచ్చి గేటు దగ్గర ఆగి, "కోటయ్యా, కొట్టావా?" అని అడిగారు.

"ఆకులు చూసి మీరే చెప్పండి టీచరమ్మా" అన్నాడు.

"ఇప్పటి సంగతి సరేనయ్యా. అప్పుడు ఏం కలిపావు?"

కోటయ్య గొట్టం కింద పెట్టాడు. రెండు మందుల పేర్లు చెప్పాడు. మూడో డబ్బా మీద కాగితం అప్పటికే ఊడిపోయిందట. రంగు గుర్తుంది, పేరు తెలియదు. "అప్పుడడిగితే డబ్బా చూపించేవాణ్ణి" అన్నాడు. ఆ డబ్బా ఎప్పుడో పాత సామాన్ల వాడికి వెళ్ళిపోయింది.

ఆ రెండు పేర్లు పట్టుకుని వ్యవసాయాఫీసుకు వెళ్ళాం. ఇన్నేళ్ళయ్యాక భయపడక్కర్లేదనే అనుకుంటున్నాననీ, అయినా పిల్లల విషయం కాబట్టి మట్టి పరీక్ష చేయిస్తే మంచిదనీ కొత్తగా వచ్చిన అధికారి చెప్పారు. కోటయ్యే తవ్వి మట్టి సంచిలో కట్టి ఇచ్చాడు. అది వెళ్ళింది. ఫలితం ఇంకా రాలేదు.

శనివారం పిల్లలు వస్తున్నారు. ఈల కోటయ్య చొక్కా జేబులో ఉంది. పిల్లలు మొక్కల ముందు నిలబడ్డాక ఒకసారి ఊదాలో రెండుసార్లు ఊదాలో అతను ఇంతవరకూ చెప్పలేదు. మేమూ అడగలేదు.